భాస్కరాచార్యుడు – హారంలోని సున్న

మన పాఠశాల డెబ్బై ఐదు సంవత్సరాలు పూర్తి చేసుకొని ప్లాటినం జూబ్లీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, ఈ సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని గూర్చి వ్రాయుట ఉచితమని తలచాను. రాజుల చరిత్రలు, దేశనాయకుల చరిత్రలు మన పిల్లలు చదువుతూనే ఉన్నారు. గణితశాస్త్రజ్ఞుల చరిత్రలు మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక చిన్న చతురస్రంలో, బొమ్మ ప్రక్కన నాలుగు పంక్తులతో ముగిసిపోతాయి. అందుచేత 12వ శతాబ్దికి చెందిన భాస్కరాచార్యుని ఎన్నుకొన్నాను. మరొక కారణం కూడా ఉన్నది. ఉన్నత పాఠశాల బీజగణితంలో మన విద్యార్థులు తరచుగా మార్కులు పోగొట్టుకొనే ఒక చిన్న విషయానికి, ఆ మహనీయుని ఆలోచనకు దగ్గర సంబంధం ఉన్నది. ఆ విషయమే హారంలోని సున్న.

భాస్కరాచార్యుడు శాలివాహన శకం 1036లో, అనగా క్రీ.శ. 1114లో జన్మించాడు. ఈ సంవత్సరాన్ని ఎవరో ఊహించి చెప్పలేదు. తన గ్రంథంలో ఆయనే తెలిపాడు. తన ఊరు సహ్యాద్రి ప్రాంతంలోని విజ్జడవిడమని కూడా వ్రాసుకొన్నాడు. ఆ ఊరు నేటి కర్ణాటకలోని విజయపురమని, అనగా పూర్వపు బిజాపూరని, కొందరు పండితుల అభిప్రాయం. కాదు, మహారాష్ట్రలోని జళగావ్ జిల్లా చాళీస్‌గావ్ పరిసరాలలోనిదని మరికొందరి వాదం. ఈ వాదం నేటికీ తెగలేదు. ఏది నిజమైనప్పటికీ ఆయన మన దక్కను పీఠభూమికి చెందినవాడనుటలో సందేహం లేదు.

ఆయనది శాండిల్య గోత్రం. తండ్రి మహేశ్వరుడు జ్యోతిష పండితుడు. భాస్కరునికి తండ్రియే గురువు. ఆ వంశంలో విద్య తరతరాలుగా వచ్చిన ఆస్తి. చాళీస్‌గావ్ దగ్గరి పాటణ గ్రామంలో ఒక దేవాలయ శాసనం ఉన్నది. దానిని డాక్టర్ భావు దాజీ 19వ శతాబ్దిలో వెలుగులోకి తెచ్చారు. త్రివిక్రముడు మొదలుకొని భాస్కరభట్టు, గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు, భాస్కరాచార్యుడు, లక్ష్మీధరుడు, చంగదేవుడు వరకు తొమ్మిది తరాల పేర్లు అందులో వరుసగా చెక్కబడి ఉన్నాయి. పూర్వీకుడైన భాస్కరభట్టు భోజరాజు వద్ద విద్యాపతి అను బిరుదు పొందినట్లు కూడా ఆ శాసనం తెలుపుతున్నది.

1150వ సంవత్సరంలో, తన ముప్పది ఆరవ యేట, భాస్కరుడు సిద్ధాంత శిరోమణి అను మహాగ్రంథాన్ని పూర్తి చేశాడు. అందులో నాలుగు భాగాలు: అంకగణితానికి లీలావతి, బీజగణితానికి బీజగణితం, గ్రహాల గమనానికి గ్రహగణితం, గోళశాస్త్రానికి గోళాధ్యాయం. శ్లోకాలలోని అర్థం చదువరికి తెలియకపోవచ్చునని తలచి, తానే వాసనాభాష్యమను వివరణ కూడా వ్రాశాడు. సూత్రం చెప్పి ఊరకుండక, ఆ సూత్రం ఎందుకు నిజమో చెప్పవలెనని ఆయన భావించాడు. బోధనావృత్తిలో ఉన్న మాబోటివారికి ఈ ఒక్క గుణం చాలు, ఆయనను గురువుగా భావించుటకు. 1183లో, అరువది తొమ్మిదేళ్ళ వయస్సులో, కరణకుతూహలమను మరొక గ్రంథం రచించాడు. పంచాంగ గణన సులభంగా చేయదలచినవారికి ఉపయోగపడే పుస్తకమది. యౌవనంలో మహాగ్రంథం వ్రాసినవాడు వార్ధక్యంలో సామాన్యుల అవసరానికి చిన్న పుస్తకం వ్రాయుట గమనింపదగిన విషయం.

ఆయన ప్రతిభకు ఒక్క ఉదాహరణ చెప్పుతాను. ఒక వర్గసంఖ్యను 61తో గుణించి 1 కలిపితే, మరొక వర్గసంఖ్య రావలెను. ఆ రెండు వర్గసంఖ్యల మూలాలు ఏవి? ప్రశ్న చిన్నదే. కాని దీనికి మిక్కిలి చిన్న సమాధానమే 22,61,53,980 మరియు 176,63,19,049. పూర్వులు ప్రారంభించిన చక్రవాళ పద్ధతిని మెరుగుపరచి, భాస్కరుడు కొద్ది మెట్లలో ఈ సంఖ్యలను సాధించాడు. సుమారు ఐదు వందల సంవత్సరాల తరువాత, 1657లో, ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా ఇదే సంఖ్యతో ఇదే ప్రశ్నను తోటి గణితవేత్తలకు సవాలుగా పంపాడు. దక్కనులో దానికి సమాధానం అప్పటికే తాళపత్రాలలో ఉన్నదని ఆయనకు తెలియదు.

ఇంత పెద్ద సంఖ్యలను అవలీలగా పట్టుకొన్న భాస్కరాచార్యుడు అన్నింటికంటె ఎక్కువ చిక్కుపడింది సున్న దగ్గర. ఆ కథ తెలుసుకొనుటకు కొంత వెనుకకు పోవలెను.

628వ సంవత్సరంలో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో సున్నను ఒక సంఖ్యగా గ్రహించి, కూడికకు, తీసివేతకు, గుణకారానికి నియమాలు చెప్పాడు. అవి నేటికీ చెల్లుతున్నాయి. భాగహారం వద్ద మాత్రం ఆయన నియమం నిలువలేదు. సున్నను సున్నతో భాగిస్తే సున్నయే వస్తుందన్నాడు. తరువాత సుమారు 850 ప్రాంతంలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రచించాడు. ఒక సంఖ్యను సున్నతో భాగిస్తే ఆ సంఖ్య మారదని ఆయన అభిప్రాయం. పంచుకొనేవారు ఎవరూ లేనప్పుడు ధాన్యం రాశి అట్లే ఉంటుంది కదా అని ఆయన ఆలోచించి ఉండవచ్చును. ఈ మహావీరాచార్యుని గ్రంథాన్నే 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. జైన ఉదాహరణల స్థానంలో శైవ ఉదాహరణలు పెట్టి, తెలుగువారికి తగినట్లు దానిని మలిచాడు. 12వ శతాబ్దిలో రాజాదిత్యుడు కన్నడంలో వ్యవహార గణితం రచించాడు. ఇంటిలో తెలుగు, కచేరిలో కన్నడం వాడుకొనే మన పావగడ తాలూకా ప్రజలు ఈ రెండు పేర్లను సమానంగా గుర్తుంచుకొనవలెను. మూడు దిక్కుల ఆంధ్రప్రదేశ్ సరిహద్దు, ఒక దిక్కు కర్ణాటక గల మన మంగళవాడ ప్రాంతం పిల్లలకు ఇద్దరూ సొంతవారే.

ఇక భాస్కరుని వంతు వచ్చింది. సున్నను హారంగా గల రాశికి ఆయన ఖహరమని పేరు పెట్టాడు. ఖమనగా ఆకాశం, శూన్యం. మూడును సున్నతో భాగిస్తే వచ్చే రాశి అనంతమని, దానికి ఎంత కలిపినను, ఎంత తీసినను మార్పు రాదని చెప్పాడు. సృష్టికాలంలో జీవులు వెలువడినను, ప్రళయకాలంలో లీనమైనను మార్పు చెందని భగవంతునితో దానిని పోల్చాడు. మహావీరుని అభిప్రాయం కంటె ఇది ఎంతో ముందడుగు. ఒకటిని పదవ వంతుతో భాగిస్తే 10, నూరవ వంతుతో భాగిస్తే 100, వెయ్యవ వంతుతో భాగిస్తే 1000 వస్తుంది. హారం చిన్నదైనకొలది ఫలితం పెరుగుతుంది. ఈ పెరుగుదలను ఆయన స్పష్టంగా చూచాడు.

అయినను నేటి గణితం ఆయన మాటను యథాతథంగా అంగీకరించదు. ఈ సంగతిని మన పిల్లలకు దాచకుండా చెప్పవలెను. మూడును సున్నతో భాగిస్తే అనంతమనుకొందాము. ఐదును సున్నతో భాగించినను అదే అనంతం. ఒక సంఖ్యను సున్నతో గుణించి మరల సున్నతో భాగిస్తే ఆ సంఖ్యయే నిలుస్తుందని కూడా భాస్కరుడు లీలావతిలో చెప్పాడు. ఆ న్యాయాన్ని ఇక్కడ వాడితే, ఒకే అనంతాన్ని సున్నతో గుణించినప్పుడు ఒకసారి మూడు, ఒకసారి ఐదు రావలెను. అప్పుడు మూడు, ఐదు సమానమవుతాయి. మరొక చిక్కు కూడా ఉన్నది. సున్నను ధన సంఖ్యల వైపు నుండి సమీపిస్తే ఫలితం ధన దిశలో పెరుగుతుంది. ఋణ సంఖ్యల వైపు నుండి సమీపిస్తే ఋణ దిశలో పెరుగుతుంది. ఒకే ప్రశ్నకు రెండు దిక్కులలో రెండు సమాధానాలు నిలువవు.

అసలు భాగహారమంటే ఏమిటో తిరిగి అడిగితే చిక్కు వీడుతుంది. 12ను 4తో భాగిస్తే 3 అనుటకు అర్థం, 3ను 4తో గుణిస్తే 12 వస్తుందని. 12ను సున్నతో భాగిస్తే ఎంత అనగా, సున్నతో గుణిస్తే 12 వచ్చే సంఖ్య ఏది అని అడుగుటే. అట్టి సంఖ్య లేదు. సున్నను సున్నతో భాగిస్తే ఎంత అని అడిగితే, ప్రతి సంఖ్యా సమాధానమే. మొదటిదానికి సమాధానం లేదు. రెండవదానికి సమాధానాలు లెక్కకు మించినవి. అందుచేతనే నేటి పాఠ్యపుస్తకాలు సున్నతో భాగహారం నిర్వచింపబడలేదని చెప్పుతాయి. అది అజ్ఞానాన్ని ఒప్పుకొనుట కాదు. ప్రశ్నకే అర్థం లేదని నిరూపించి చెప్పిన మాట.

ఈ ఒక్క మాట మీదనే అకరణీయ సమాసాల అధ్యాయం నిలిచి ఉన్నది. ఒక బహుపదిని మరొక బహుపదితో భాగించగా వచ్చేది అకరణీయ సమాసం. చలరాశి ఏ విలువ తీసుకొన్నప్పుడు హారం సున్న అవుతుందో, ఆ విలువను మినహాయించవలెను. భాస్కరుని కాలంలో తెలియని రాశిని యావత్తావత్ అనేవారు. వ్రాతలో దానిని యా అను అక్షరంతో సూచించేవారు. ఆ గౌరవార్థం ఇక్కడ నేను కూడా ఆ అక్షరాన్నే వాడుతాను.

విజ్ఞానయాత్రకు బస్సు బాడుగ 6,000 రూపాయలనుకొందాము. పేర్లిచ్చిన విద్యార్థులు యా మంది. ప్రయాణం నాడు ముగ్గురు రాలేదు. వచ్చినవారిలో ఒక్కొక్కరి వంతు 6000/(యా − 3). ముప్పది ముగ్గురు పేర్లిచ్చి ఉంటే వంతు 200 రూపాయలు. పదముగ్గురైతే 600. నలుగురైతే, వచ్చిన ఆ ఒక్కరి మీదనే 6,000 రూపాయలు పడుతుంది. పేర్లిచ్చినవారే ముగ్గురై, ఆ ముగ్గురూ రాకపోతే? ఒక్కొక్కరి వంతు ఎంత అను ప్రశ్నయే మిగలదు, ఆ ఒక్కొక్కరు లేరు కనుక. బాడుగ మాత్రం పాఠశాల నెత్తిన ఉంటుంది! ఇక్కడ యా విలువ 3 కారాదు. యా 2 అయితే బీజగణితం ఒక ఋణసంఖ్యను ఇస్తుంది. దానిని త్రోసిపుచ్చేది బీజగణితం కాదు, లోకజ్ఞానం. ఈ రెండు రకాల నిషేధాలకు గల భేదాన్ని కూడా పిల్లలు తెలుసుకొనవలెను.

పద్ధతి కష్టమైనది కాదు. మొదట లవాన్ని ప్రక్కన పెట్టి హారాన్ని మాత్రమే చూడవలెను. హారం సున్నకు సమానమని వ్రాయవలెను. కారణాంకాలుగా విభజించి మూలాలు కనుగొనవలెను. ఆ మూలాలే మినహాయించవలసిన విలువలు. ఉదాహరణకు (యా + 2)/(యా² − 5యా + 6) తీసుకొందాము. హారం (యా − 2)(యా − 3) అవుతుంది. కనుక 2, 3 పనికిరావు. లవంలో యా విలువ −2 అయితే సున్న వస్తుంది గదా అని కొందరు −2ను కూడా మినహాయిస్తారు. అది పొరపాటు. లవం సున్న అయితే సమాసం విలువ సున్న. అందులో దోషమేమీ లేదు. హారం యా² + 1 అయితే, వాస్తవ సంఖ్యలలో అది ఎన్నడూ సున్న కాదు. అప్పుడు మినహాయించవలసింది ఏమీ ఉండదు.

ఎక్కువ మంది జారిపడే చోటు మరొకటి ఉన్నది. (యా² − 9)/(యా − 3) అని ఇస్తే, విద్యార్థి లవాన్ని (యా + 3)(యా − 3)గా విడదీసి, పైనా క్రిందా ఉన్న (యా − 3)ను కొట్టివేసి, సమాధానం యా + 3 అని వ్రాస్తాడు. హారం కంటికి కనబడకుండా పోయింది కనుక, ఇక 3 పెట్టవచ్చునని తలుస్తాడు. కాని కొట్టివేయుటయే ఒక భాగహారం. (యా − 3) సున్న కానప్పుడు మాత్రమే దానిని కొట్టివేసే అధికారం మనకు ఉన్నది. కనుక జవాబు యా + 3 అని వ్రాసి, యా విలువ 3 కాదని ప్రక్కన చేర్చవలెను. 3కు ఎంత సమీపంగా వెళ్ళినా విలువ 6కు సమీపిస్తుంది: 3.1 పెడితే 6.1, 3.01 పెడితే 6.01. సరిగా 3 వద్ద మాత్రం మొదటి సమాసానికి విలువ లేదు. దానిని గ్రాఫు గీస్తే, సరళరేఖలో ఒక్క బిందువు లోపించి ఉంటుంది. అందువల్ల మినహాయించవలసిన విలువలను సూక్ష్మీకరణకు ముందే వ్రాసుకొనుట మంచి అలవాటు.

సమీకరణాలలో ఈ అజాగ్రత్త మరింత నష్టం కలిగిస్తుంది. యా/(యా − 2) = 2/(యా − 2) అను సమీకరణంలో ఇరువైపులా హారాన్ని తొలగిస్తే యా = 2 అని వస్తుంది. కాని 2 పెడితే రెండు హారాలూ సున్న అవుతాయి. ఈ సమీకరణానికి సాధనయే లేదు. లెక్క అంతా సక్రమంగా చేసి, చివర ఒక్కసారి వెనుకకు తిరిగి చూడనందుకు జవాబు తప్పుతుంది. ఒక సమాసాన్ని మరొక సమాసంతో భాగించేటప్పుడు రెండింటి హారాలతో పాటు, భాజకంలోని లవం కూడా సున్న కారాదు. తలక్రిందులు చేసినప్పుడు ఆ లవమే హారంగా మారుతుంది కదా.

ఇప్పుడు లీలావతిలోని ఒక లెక్కను చూడండి. ఒక సంఖ్యను సున్నతో గుణించి, వచ్చినదానికి అందులో సగం కలిపి, మూడుతో గుణించి, సున్నతో భాగించగా 63 వచ్చింది; ఆ సంఖ్య ఏది? మన విద్యార్థి సున్నతో గుణించగానే అంతా సున్న అని చేతులు ఎత్తివేస్తాడు. భాస్కరుడు ఆలోచించిన తీరు వేరు. ముందు ఇంకా పని మిగిలి ఉన్నప్పుడు సున్నను వెంటనే గుణించివేయరాదు. దానిని గుణకంగానే నిలిపి ఉంచవలెను. తరువాత సున్నయే హారంగా వచ్చినప్పుడు రెండూ తొలగిపోతాయి. మిగిలినది, సంఖ్యకు సగం కలిపి మూడింతలు చేస్తే 63. కనుక సంఖ్య 14. పదునాలుగుకు ఏడు కలిపితే ఇరువది ఒకటి, దానికి మూడింతలు అరువది మూడు.

నేటి దృష్టితో చూస్తే, నిజమైన సున్నతో ఈ లెక్క చెల్లదు. సున్న స్థానంలో నూరవ వంతును పెట్టి చూడండి: 0.14కు 0.07 కలిపితే 0.21, మూడింతలు 0.63; నూరవ వంతుతో భాగిస్తే 63. వెయ్యవ వంతును పెట్టినా 63యే. గుణకం ఎంత చిన్నదైనా, సున్న కానంతవరకు, సమాధానం 14. మన (యా² − 9)/(యా − 3) లెక్కలో 3కు చుట్టుప్రక్కల జరిగినదే ఇక్కడ సున్నకు చుట్టుప్రక్కల జరుగుతున్నది. భాస్కరుడు పట్టుకొన్నది సున్నతో భాగహారాన్ని కాదు, సున్నకు అతి సమీపంలో జరిగే భాగహారాన్ని. ఈ లెక్క గ్రహగణితంలో మిక్కిలి ఉపయోగమని ఆయన వ్రాశాడు. నిజమే. ఒక గ్రహం ఆ క్షణంలో ఎంత వేగంతో కదులుతున్నదో తెలుసుకొనుటకు తాత్కాలిక గతి అను భావనను ఆయన వాడాడు. అతి స్వల్పమైన దూరాన్ని అతి స్వల్పమైన కాలంతో భాగించుట అందులోని మర్మం. 17వ శతాబ్దిలో న్యూటన్, లైబ్నిజ్ వంటివారు కలన గణితాన్ని శాస్త్రంగా నిర్మించారు. 19వ శతాబ్దిలో అవధి అను భావనకు కట్టుదిట్టమైన నిర్వచనం ఏర్పడింది. అప్పటికి గాని భాస్కరుడు తడిమి చూచిన ఆ స్థలానికి పూర్తి వెలుగు రాలేదు.

ఇందువల్ల ఆయన కీర్తికి లోటు లేదు. బ్రహ్మగుప్తుడు ఒకటి చెప్పాడు, మహావీరుడు మరొకటి చెప్పాడు, భాస్కరుడు వారిని దాటి మూడవది చెప్పాడు. పెద్దలు చెప్పినదానిని గౌరవంతో పరీక్షించుటయే ఆ సంప్రదాయం. మన పూర్వులు అన్నీ ముందే కనుగొన్నారని పిల్లలకు చెప్పుట తేలిక. వారు ఎక్కడ గెలిచారో, ఎక్కడ ఆగిపోయారో చూపుట కష్టమైనను, అదే నిజమైన గురుభక్తి.

భాస్కరుని పేరు చెప్పగానే లీలావతి కథ గుర్తుకు వస్తుంది. లీలావతి ఆయన కుమార్తె అని, ఆమెకు వైధవ్యయోగం ఉన్నదని జాతకంలో చూచి, తండ్రి ఒక శుభముహూర్తం నిర్ణయించి గడియారపు గిన్నెను నీటిలో ఉంచాడని, ఆమె వంగి చూచినప్పుడు ఆభరణంలోని ముత్యం జారి గిన్నె రంధ్రానికి అడ్డుపడి ముహూర్తం దాటిపోయిందని, ఆమెను ఓదార్చుటకు ఆమె పేరుతో పుస్తకం వ్రాశాడని చెప్పుకొంటారు. ఈ కథ అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో లీలావతిని పారసీ భాషలోకి అనువదించినప్పుడు చేర్చిన పీఠికలో కనిపిస్తుంది. అప్పటికి భాస్కరుడు గతించి నాలుగు వందల సంవత్సరాలు. పాటణ శాసనంలో కుమారుని పేరు, మనుమని పేరు ఉన్నాయి. కుమార్తె ప్రసక్తి లేదు. కనుక కథను కథగానే గ్రహించవలెను.

ఆ కథలో నాకు నచ్చని అంశం ఒకటి ఉన్నది. వివాహం తప్పిపోయిన బాలికకు ఓదార్పుగా గణితం దక్కిందట! బాలికకు చదువు ఏదో పోయినందుకు ఇచ్చే పరిహారమా? గ్రంథాన్ని విప్పి చూస్తే వేరొక దృశ్యం కనిపిస్తుంది. తుమ్మెదల గుంపును, సరస్సులోని హంసలను, నెమలిని, పామును, అర్జునుని బాణాలను లెక్కించమని గ్రంథకర్త ఒక బాలికను పిలిచి అడుగుతాడు. తెలివిగలదానవైతే చెప్పు అన్న భావంతో సవాలు చేస్తాడు. ఓదార్పు ఎక్కడా లేదు. ఆమె సమాధానం చెప్పగలదన్న నమ్మకమే ఉన్నది. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి పుస్తకంలో ప్రశ్నలకు ఎదురుగా ఒక బాలిక కూర్చొని ఉన్నది. మన తరగతిగదిలో ఆ బల్ల ఖాళీ కాకుండా చూచే బాధ్యత తల్లిదండ్రులది, మాది. వానలు తప్పిన సంవత్సరం వేరుశెనగ పంట పోతే, మొదట బడి మానిపించేది ఆడపిల్లనే అను సంగతి మన మెట్ట ప్రాంతంలో అందరికీ తెలిసినదే. పెళ్ళి ముహూర్తం కోసం పదవ తరగతి పరీక్షను వదలిపెట్టించిన ఇండ్లు కూడా లేకపోలేదు. ముహూర్తం దాటితే మరొకటి దొరుకుతుంది. దాటిపోయిన చదువును తిరిగి తెచ్చుట ఎంతో కష్టం.

భాస్కరుని అనంతర కథ కూడా పాఠశాలలవారికి ఆనందం కలిగించేదే. కుమారుడు లక్ష్మీధరుని యాదవ రాజు జైత్రపాలుడు పాటణ నుండి పిలిపించుకొని తన పండితులలో ప్రధానునిగా నియమించాడు. మనుమడు చంగదేవుడు సింఘణ మహారాజుకు ఆస్థాన జ్యోతిషికుడయ్యాడు. తాతగారి గ్రంథాలను బోధించుటకు చంగదేవుడు పాటణలో ఒక మఠాన్ని ఏర్పరచాడు. నికుంభ వంశపు సోయిదేవుడు 1207లో దానికి దానం చేశాడు. గ్రామంలోని క్రయవిక్రయాల మీద, నూనె గానుగల మీద కొంత వాటా ఆ విద్యాస్థానానికి చెందునట్లు శాసనం వ్రాయించారు. అనగా రాజు, వర్తకుడు, గానుగవాడు కలిసి ఒక గణిత పాఠశాలను పోషించారు. ఊరి పాఠశాల ఎప్పుడూ అట్లే నిలుస్తుంది. 1816లో జాన్ టేలర్ లీలావతిని, 1817లో కోల్‌బ్రూక్ లీలావతితో పాటు బీజగణితాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. 1979లోను, 1981లోను ప్రయోగింపబడిన మన దేశపు రెండు ఉపగ్రహాలకు భాస్కర అని పేరు పెట్టారు.

భాస్కరుడనగా సూర్యుడు. మన తాలూకాలోనే తిరుమణి పరిసరాలలో రెండు వేల మెగావాట్లకు పైబడిన సౌరవిద్యుత్ పార్కు నేడు పనిచేస్తున్నది. బీడుగా కనిపించిన నేల మీద పడే ఎండకు కూడా విలువ కట్టగలిగింది గణితం, విజ్ఞానం. ఆ పలకల ప్రక్కన కావలి ఉద్యోగంతో తృప్తిపడక, వాటిని రూపొందించే ఇంజనీర్లుగా మన పిల్లలు ఎదగవలెనంటే, ఎనిమిదవ తరగతి నుండే హారం వైపు చూచే అలవాటు కావలెను.

పూర్వవిద్యార్థులారా, మీరు నేడు ఉపాధ్యాయులు, గుమాస్తాలు, రైతులు, వర్తకులు. ఏ పనిలోనైనా దేనితో భాగిస్తున్నామో చూచి భాగించుట మీకు ఈ పాఠశాల నేర్పిన జాగ్రత్త. తల్లిదండ్రులారా, సాయంకాలం మీ బిడ్డ లెక్క చేస్తూ ఉంటే, మీకు బీజగణితం రాకపోయినను ఫరవాలేదు. క్రింద సున్న వస్తుందేమో చూచితివా అని ఒక్కమాట అడగండి. చూచినానని ఆమె చెప్పితే, ఎట్లు చూచితివో వివరించమని మరొకమాట అడగండి. తాను చెప్పిన సూత్రానికి తానే భాష్యం వ్రాసిన భాస్కరాచార్యునికి మనం చేయగల గౌరవం అదే.